‘ఆందోళన’ అంటే మీ వైపు ఏమని అర్థం చేసుకుంటారు?

సైకాలజీ సర్వే ఒకదానికి ప్రశ్నావళి తెలుగు చేస్తున్నాం. ఒక్క మాట దగ్గర పని ఆగిపోయింది. మీ అందరి సాయం కావాలి.

మనసులో కంగారు, భయం (ఇంగ్లీషులో యాంగ్జైటీ) ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అని 2006లో వచ్చిన ప్రశ్నావళి ఉంది. ఏడే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేస్తారు. మొత్తం 21. మొదటి ప్రశ్నకి మేం రాసుకున్న తెలుగు: ‘ఎన్ని రోజులు ఆందోళనలో ఉన్నారు?’ వేరే మనిషి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయిస్తే అసలు ప్రశ్నలోని ‘యాంగ్షస్’ అన్న మాటే వచ్చింది. ఇక ఢోకా లేదనుకున్నాం.

పల్లెలో ఒక పెద్దావిడకి ఇది చదివి వినిపించాను. చేటలో కందిపప్పు ఏరుతున్న చెయ్యి ఆపి, ‘‘మేం పోలేదు నాయనా, అంగన్‌వాడీ వాళ్లు పోయారు’’ అంది. ఆవిడకి వినిపించింది టీవీలో చెప్పే ఆందోళన. ధర్నా, రాస్తారోకో. కూర్చుని మాట్లాడితే తెలిసింది, లారీ మీద వెళ్లిన కొడుకు ఇల్లు చేరేదాకా ఆవిడకి గుండె దడ, రాత్రంతా కంటి మీద కునుకుండదు. మా కాగితం మీద మాత్రం సున్నా పడేది.

తిరుగు అనువాదం చేసినాయన, మేమూ అందరం పేపరు చదివేవాళ్లమే. ఆవిడ మాట మా ఎవరి నోటా లేదు.

— ‘బెంగ’ పెట్టండి. మా అమ్మ అదే అంటుంది.

బెంగ మంచి మాటేనండీ. కానీ హాస్టల్లో చేరిన పిల్లకి అమ్మ మీద ఉండేది బెంగ. దూరమైన మనిషి ఉండాలి దానికి. ‘దిగులు’లో విచారం కలిసిపోతుంది, అది డిప్రెషన్ ప్రశ్నల వైపు లాగేస్తుంది. నా మనసు ‘గుబులు’ వైపు ఉంది.

— అందరూ ‘టెన్షన్’ అనే అంటున్నారు కదా, అదే ఉంచండి. ఇంకొకటి. ‘నిద్ర పట్టడం లేదా?’ అని మాత్రం అడక్కండి. ‘లేదు’ అంటే పట్టడం లేదనా, అలాంటి ఇబ్బందేం లేదనా?

అక్షరాలా నిజం. ఆ నిద్ర ప్రశ్న జీఏడీ-7లోది కాదు, మా సర్వేలోనే వేరే చోట ఉంది. పోయినసారి ఇరవై కాగితాలు దాని వల్లే పక్కన పెట్టాం. ఇప్పుడు ‘నిద్ర పట్టని రాత్రులు ఎన్ని?’ అని మార్చాం.

‘టెన్షన్’ కూడా తీసుకుంటున్నాను. ‘టెన్షన్‌గా, గుబులుగా, మనసు కుదురు లేకుండా ఎన్ని రోజులు ఉంది?’ ఇంగ్లీషు ప్రశ్నలోనూ మూడు మాటలున్నాయి, మూడూ ఒకే బాధ చుట్టూ తిరిగేవి. నిద్రనీ ఆకలినీ ఒకే ప్రశ్నలో కట్టేస్తే తప్పు గానీ, దీనికి ఫర్వాలేదు.

ఈసారి కాగితం నింపించే ముందు పదిమందికి చదివి, ‘ఈ మాట వినగానే మీకేం గుర్తొచ్చింది?’ అని అడుగుతాను. మొదట ఆ పెద్దావిడ దగ్గరికే వెళ్తాను. ‘గుబులు’ మీ జిల్లాలో వాడుకలో లేకపోతే ఈలోపే చెప్పండి.