చర్చ: ఇథియోపియా కొండసీమ కరవులకు అడవుల నరికివేతే కారణమా?

మెట్టచేను:
ఉత్తర ఇథియోపియాలోని తిగ్రాయ్, వొల్లో కొండసీమల్లో 1888-92లోనూ, 1973లోనూ, 1984లోనూ వచ్చిన కరవుల ప్రస్తావన తెచ్చిన ప్రతివారూ ఒక మాట చేరుస్తారు. 1900 నాటికి ఆ దేశంలో నూటికి నలభై వంతులు అడవి ఉండేదనీ, రైతులు దాన్ని నూటికి మూడు నాలుగు వంతులకు దించారనీ, అందుకే వానలు తప్పాయనీ అంటారు. తరగతిలో నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఈ లెక్క నిలుస్తుందా?

పాతపటం:
ఆ నలభై నిలవదండీ. చరిత్రకారుడు జేమ్స్ మెక్‌కాన్ ఆ అంకె వెనక గట్టి ఆధారం లేదని చూపించారు. అంతకంటే బలమైన సాక్ష్యం ఫొటోలది. 1868లో ఇథియోపియా చక్రవర్తి తెవోద్రోస్ మీదికి బొంబాయి నుంచి ఓడలెక్కి వెళ్లిన బ్రిటిష్ సైన్యంలో ఫొటోలు తీసే ఇంజనీర్లు ఉండేవారు. వారు దారి పొడవునా తీసిన కొండల బొమ్మలను, పరిశోధకులు అవే చోట్ల నిలబడి ఈ మధ్య తీసిన వాటితో పోల్చగా, చాలా వాలులు ఆనాడే బోడిగా ఉన్నాయనీ, చెట్లు ఇప్పుడే ఎక్కువనీ తేలింది. (అందులో జామాయిల్ వాటా తక్కువేమీ కాదు, అది వేరే గొడవ.) తిగ్రాయ్ రాజధాని మెకెల్లెలో ఆరేళ్లు పాఠాలు చెప్పినప్పుడు ఆ కొండలను నేనూ చూశాను.

ఇక వాన సంగతి. అక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా పడే చిన్న వానలను బెల్గ్ అనీ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే పెద్ద వానలను కిరెమ్ట్ అనీ అంటారు. ఈజిప్టుకు చేరే నైలు నీటిలో ఎనభై శాతానికి పైగా ఈ కొండలదే కాబట్టి, అక్కడ వరద తగ్గిందంటే ఇక్కడ కిరెమ్ట్ తప్పిందని అర్థం. ఆ వరద బాగా పడిపోయిన ఏళ్లలో 1877, 1899 ఉన్నాయి. 1877 అంటే బళ్ళారి, కర్నూలు, కడప ధాత కరువుతో అల్లాడుతున్న కాలం. 1899లో గుజరాత్, రాజస్థాన్‌లలో ఛప్పనియా కరవు వచ్చింది. రెండు సార్లూ పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో, అంటే నీరు మామూలు కంటే వేడెక్కి దూరదేశాల వానలను కూడా తారుమారు చేసే స్థితి, ఉంది. తిగ్రాయ్ రైతు గొడ్డలి వేస్తే బళ్ళారిలో మబ్బు తేలిపోదు కదా!

వాగుగట్టు:
పాతపటం గారు వానను గురించి చెప్పినది ఒప్పుకుంటాను. కానీ రైతుకు కరవు ఆకాశంలో మొదలైనా తెలిసేది మాత్రం నేలలోనే. బోడి వాలు మీద పడిన వాన గంటలో వాగుకెక్కి, మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది. అదే వాన, రాతి కట్టలు కట్టి పశువులను తోలకుండా వదిలిన కొండ మీద పడితే, కింద బావుల్లో ఊరుతుంది. తిగ్రాయ్‌లోని అబ్రెహా వె అత్స్‌బెహా అనే ఊరు ఈ పనితోనే ఊటలను మళ్లీ తెచ్చుకుని 2012లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి పొందింది. చెట్టు వానను తేకపోవచ్చును, వచ్చిన వానను ఆపుతుంది. ఆ తేడాను వదిలేసి అడవికీ కరవుకూ సంబంధమే లేదంటే నేను అంగీకరించను.

పాతపటం:
సంబంధమే లేదని నేను అనలేదు. వాన తప్పడానికి అది కారణం కాదన్నాను. మీరు చెప్పిన రెండో భాగానికి నా అభ్యంతరం లేదు.

గాదె:
మీరిద్దరూ ఎద్దులను మరిచిపోయారు. 1887లో ఇటలీ సైన్యం కోసం మస్సావా రేవులో దించిన పశువులతో ముసర రోగం దేశంలోకి వచ్చింది; అవి మన దేశం నుంచి వెళ్లిన పశువులే అంటారు. నూటికి తొంభై పశువులు చచ్చాయి. మరుసటి ఏడు వాన తప్పింది, తరువాత వాన పడినా దున్నడానికి కాడికి ఎద్దు లేదు. అందుకే అక్కడివారు ఆ కాలాన్ని ‘చెడ్డ దినాలు’ అంటారు గాని వట్టి అనావృష్టి అనరు. 1973లో దేశం మొత్తం మీద పంట పెద్దగా తగ్గలేదనీ, వొల్లో జనం చేతిలో కొనే శక్తి లేక, ఆ ప్రాంతపు ధాన్యమే బయటికి తరలిపోయిందనీ అమర్త్యసేన్ చూపించారు. 1984లో యుద్ధం తోడైంది. 2015లో ఎల్ నినో వల్ల కిరెమ్ట్ ఘోరంగా తప్పి దాదాపు కోటి మందికి సాయం అవసరమైనా 1984 నాటి చావులు జరగలేదు. కొండలు అవే, వాన లేమి కూడా తక్కువది కాదు.

మెట్టచేను:
అయితే ఆ నలభై అంకె ఇంతకాలం ఎలా బతికింది?

పాతపటం:
అది పాలకులకు పనికొచ్చింది. కరవు తెచ్చింది రైతు గొడ్డలే అయితే, ధాన్యం ఎటు పోయిందని ఎవరూ అడగరు. 1984 తరువాత సైనిక ప్రభుత్వం, ఉత్తరాది నేల చచ్చిపోయిందని చెప్పి సుమారు 6 లక్షల మందిని, చాలామందిని బలవంతంగానే, నైరుతి ప్రాంతాలకు తరలించింది. అక్కడ అడవి నిజంగానే ఉంది. వచ్చినవారికి పొలాలు కావాలి కాబట్టి దాన్ని కొట్టించారు.