కాలనీ గేటు, ముళ్ల తీగ, గని బాట: సైకిల్‌కు హక్కు ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు?

ప్రశ్న (రాజురా)

మా ఊరు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాల రాజురా అవతల. బల్లార్‌పూర్‌కు రోజూ పనికి సైకిల్ మీద పోవాలె. పెద్ద రోడ్డు మీద బొగ్గు టిప్పర్లతో భయం, అందుకే లోపలి బాట చూస్తున్న. మూడు చోట్ల అడ్డం పడుతున్నది. ఒకటి, ఒక కార్ఖానా కాలనీ రోడ్డు. ఏండ్ల సంది అందరూ పోతున్నరు, ఇప్పుడు గేటు పెట్టి కాలనీవాళ్లకే అంటున్నరు. రెండు, పత్తి చేన్ల నడుమ బండ్ల బాట. మిరుగుకు ముందు ఒకాయన ముళ్ల తీగ కట్టి బాట మీది దాకా దున్నిండు. మూడు, పాత ఊరి బాట, ఇప్పుడు గని హద్దుల ఉన్నది. గూగుల్ మ్యాప్ మాత్రం గీత చూపిస్తున్నది. నాకు ఆ చుట్టుపక్కల గుంట భూమి లేదు. ఎక్కడ అర్జీ పెట్టాలె?

జవాబు (చంద్రపూర్)

"గుంట భూమి లేదు" అన్నవు చూడు తమ్మీ, కిటుకంతా ఆడనే ఉన్నది.

మనం బాట అనేది కాయిదం మీద మూడు తీర్లు. మొదటిది ప్రజల బాట: ఊరి నక్షల, పంచాయతీ లేకుంటే జిల్లా పరిషత్ రిజిస్టర్ల ఉంటది, ఎవరైనా పోవచ్చు. రెండోది ఈజ్‌మెంట్: ఒక చేనుకు పోవుటానికి ఇంకో చేను మీదుగా ఉండే దారి. ఇరవై ఏండ్లు నడిస్తే హక్కు అయితదని అందరూ అంటరే, అది 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్. 20 ఏండ్లు, సర్కారు భూమి అయితే 30, బహిరంగంగా, లొల్లి లేకుండ, ఆగకుండ, హక్కు లెక్కన నడవాలె. అట్ల పుట్టిన హక్కు భూమికి అంటుకొని ఉంటది, మనిషికి కాదు. అవతల చేనున్న రైతుకు ఉంటది. నువ్వు నలభై ఏండ్లు సైకిల్ తొక్కినా నీ పేరు మీద పుట్టదు. మూడోది వట్టి అనుమతి. యజమాని పోనిస్తున్నడు కాబట్టి పోతున్నవు. అదే చట్టం 60వ సెక్షన్ కింద ఆయన దాన్ని వాపస్ తీసుకోవచ్చు.

నీకు పనికొచ్చేది మొదటిది, లేకుంటే మూడోది. నడుమది నీది కాదు. చానా మంది ఆ ఇరవై ఏండ్ల మాట పట్టుకొనే తహసీల్ చుట్టూ తిరిగి అలిసిపోతరు.

నువ్వు చెప్పిన మూడు అడ్డాలల్ల గెలిచే ఆశ ఉన్నది చేన్ల నడుమ బాటకే. కాయిదాలు ఈ వరుసల తియ్యి.

ముందు తీగ ఉన్న జాగ గట్ నంబర్, అంటే సర్వే నంబర్, కావాలె. మహాభూనకాశా సైట్ల జిల్లా, తాలూకా, గావ్ ఎంచుకుంటే గట్ హద్దులు కనపడతయి. అది గుర్తుపట్టుటానికే. సాక్ష్యంగ పెట్టుటానికి తాలూకా భూమి అభిలేఖ్ (భూమి రికార్డుల) ఆఫీసు నుంచి ఊరి నక్ష నకలు తీసుకో, ముద్ర ఉండాలె. ఆ నక్షల తెగిన గీతలు జంటగ ఉంటే గాడీమార్గ్, అంటే మన బండ్ల బాట, వెడల్పు 16.5 నుంచి 21 అడుగులు. తెగిన గీత ఒక్కటే ఉంటే పాయ్‌మార్గ్, 8.25 అడుగులు. ఏ గీతా లేకుంటే అది రైతుల నడుమ సర్దుబాటు అనుకో.

తర్వాత రెండు దిక్కుల గట్లకూ సాత్‌బారా (7/12, మన పహాణీ లాంటిది) తియ్యి. "ఇతర్ అధికార్" (ఇతర హక్కులు) గడిల దారి ముచ్చట రాసి ఉంటదేమో, పోట్‌ఖరాబ్ (సాగుకు పనికిరాని జాగ) కింద రస్తాకు విస్తీర్ణం వదిలిండ్రేమో చూడాలె. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) దగ్గర నమూనా 23 ఉంటది, పంచాయతీ చేతిల ఉన్న రోడ్ల రిజిస్టర్ అదే. దాంట్ల ఉంటే నీ పని సగం తేలిక.

విదర్భ కాబట్టి మనకు ఇంకో కాయిదం ఉండొచ్చు. నాందేడ్, కిన్వట్ దిక్కు ఇది దొరకదు. వాజిబ్-ఉల్-అర్జ్. మహారాష్ట్ర లాండ్ రెవెన్యూ కోడ్ 1966, 165వ సెక్షన్ కింద ప్రైవేటు భూముల మీద ఊరి ఆచారం ప్రకారం ఏ దారి ఉన్నది, ఏ నీటి వాడకం ఉన్నది అని ఊరూరికీ రాయించిన రికార్డు. దానికి జోడు నిస్తార్ పత్రక్, సర్కారు జాగల మీద ఊరివాళ్ల వాడకం రాసిన కాయిదం. మీ ఊరికి ఉన్నదో లేదో తహసీల్ రికార్డు రూంల అడుగు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) "అది పాతది, నడవదు" అంటే పట్టించుకోకు, నకలుకు అర్జీ పెట్టు. ఇయ్యకుంటే ఆర్‌టీఐ, 10 రూపాయలు, 30 రోజులు.

ప్రశ్న (రాజురా)

పాయ్‌మార్గ్ మాత్రమే ఉంటే సైకిల్ పోవచ్చునా అన్నా?

జవాబు (బల్లార్‌పూర్)

ఈజ్‌మెంట్ చట్టం 28వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు కలిసి ఉండదు. నడక హక్కు రుజువైతే బండి హక్కు రుజువైనట్టు కాదు. సైకిల్ సంగతి ఆ సెక్షన్‌లో విడిగా లేదు. నక్షలో పాయ్‌మార్గ్ అయితే ఆ ముక్కలో దిగి నెట్టుకుంటూ పోవడం మేలు. 8 అడుగుల బాటలో తలమీద గడ్డిమోపుతో వచ్చే మనిషికి పక్కకు జరగడం కష్టం, తగువు మొదలయ్యేది అక్కడే. గాడీమార్గ్ అయితే ఈ ప్రశ్నే రాదు.

పైన చంద్రపూర్ అన్న చెప్పినదానికి గడువు సంగతి కలపాలి. తీగ తీయించడానికి అందరూ చెప్పే దారి 1906 మామలత్‌దార్స్ కోర్ట్స్ యాక్ట్, 5వ సెక్షన్. తహసీల్దారే కోర్టు. అడ్డం పెట్టిన రోజు నుంచి 6 నెలల్లో దావా పడాలి. మిరుగుకు ముందు తీగ కట్టారంటున్నారు, అంటే మే చివర అనుకుంటే నవంబరు చివరికి గడువు అయిపోతుంది. అప్పటికి పత్తి చేలోనే ఉంటుంది. "పంట తీసినాక చూద్దాం" అని అవతలివాళ్లు మర్యాదగా అంటారు, మీరు సరే అంటారు, సంక్రాంతికి పోతే దావా చెల్లదు. దావా ముందు వేసి పెట్టండి. బాట తెరవడం పంట తర్వాతే జరిగినా నష్టం లేదు.

అయితే ఆ సెక్షన్‌లో ఉన్నది సాగు భూమికి పోయే రోడ్లు, ఆచారపు బాటల గురించి. 1966 కోడ్‌లోని 143వ సెక్షన్ కూడా చేను ఉన్నవాళ్లకే: గట్ హద్దుల మీదుగా దారి కావాలని రైతు అడిగితే తహసీల్దార్ తేలుస్తాడు, నచ్చనివాళ్లు ఏడాదిలో సివిల్ కోర్టుకు పోవచ్చు. భూమి లేని మీరు ఈ రెండింటిలో ఏది పట్టుకొని పోయినా మొదటి తారీఖుకే "నీకేం సంబంధం" అంటారు. ఆ బాటలో చేలున్న రైతులు ఇద్దరు ముగ్గురిని పట్టుకోండి. దావా వాళ్ల పేరు మీద, సాక్షిగా మీరు. వాళ్ల ఎడ్లబండ్లకూ అదే తీగ అడ్డం కదా, ఒప్పుకుంటారు.

ఒంటరిగా పోవాలంటే మీకు మిగిలేది బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ 133. ప్రజలు చట్టప్రకారం వాడే దారిలో అడ్డం ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తీసేయమని షరతు ఉత్తర్వు ఇస్తాడు. అవతలాయన వచ్చి "ఇది ప్రజల బాటే కాదు" అంటే 156 కింద విచారణ. ఆయన మాటకు నమ్మదగ్గ ఆధారం కనబడితే సివిల్ కోర్టు తేల్చేదాకా మేజిస్ట్రేట్ ఆపేస్తాడు. ముద్ర ఉన్న ఊరి నక్ష, నమూనా 23 నకలు అర్జీతోనే పెట్టాలి అనేది అందుకే. వట్టి ఫొటోలతో పోతే ఆ మెట్టు మీదే ఆగిపోతారు.

అర్జీ మరాఠీలో రాయించండి. తెలుగులో ఆలోచించి మాటకు మాట రాస్తే గాడీరస్తా (బండ్ల దారి), పాయ్‌వాట్ (కాలిబాట), పాంధణ్ (చేలకు పోయే బాట) కలగాపులగం అవుతాయి, ఆ మూడింటికీ అర్థం వేరు. దావాలో ఉండాల్సినవి: ఇరుపక్షాల పేర్లు, వయసు, వృత్తి, నివాసం, బాట ఏ గట్ నుంచి ఏ గట్ దాకా, అడ్డం పెట్టిన తేదీ, అది ఖచ్చితంగా ఉండాలి, ఏం చేశారు, తీగనా, గుంతనా, దున్నడమా, కాయితాల జాబితా, సాక్షుల జాబితా, చివర నిజమని సంతకం. అడ్డానికి ముందు బాట ఎంత వెడల్పు ఉండేదో అడుగుల్లో రాయండి. "చాలా వెడల్పు" అని రాస్తే పంచనామాలో మూడు అడుగులు వదిలి ఇదే బాట అంటారు. తలాఠీ, మండల్ అధికారి జాగకు వచ్చిన రోజు టేపు మీరే పట్టుకెళ్లండి.

జవాబు (చంద్రపూర్)

టేపు ముచ్చట మంచిగ చెప్పినవు. హద్దు కొలతకు అయితే భూమి అభిలేఖ్ మోజణినే (సర్కారు కొలత) కావాలె, ఫీజు కట్టి. మన టేపు పంచనామా దాకనే.

ఇగ కాలనీ గేటు. ఆ భూమి సాత్‌బారా లేకుంటే సిటీ సర్వే ప్రాపర్టీ కార్డు తియ్యి. మొత్తం కంపెనీ పేరు మీదనే ఉండి, రోడ్డు వేసింది, దీపాలు పెట్టింది కంపెనీయే అయితే అది ప్రైవేటు రోడ్డు. ఏండ్ల సంది అందరూ పోవుడు అనుమతి లెక్కనే వస్తది. నగర్ పరిషత్ పైసలతో డాంబరు వేసిండ్రా, మోరీ కట్టిండ్రా, అది వేరే కథ. నగర్ పరిషత్‌కు ఆర్‌టీఐ వెయ్యి: ఈ రోడ్డు మీ రోడ్ల రిజిస్టర్ల ఉన్నదా, మంజూరైన లేఅవుట్ నకలు, రోడ్లు మీకు అప్పజెప్పిన తేదీ. బిల్డర్ లేఅవుట్లకూ ఇదే తీరు. రోడ్లు పరిషత్‌కు అప్పజెప్పినంక సొసైటీవాళ్లు గేటు పెట్టి బయటి సైకిళ్లను ఆపుతే ఆ గేటుకు బలం లేదు.

కంపెనీదే అని తేలితే పంచాయితీ పెట్టుకోకు. ఎస్టేట్ ఆఫీసుకో, హెచ్‌ఆర్‌కో ఒక పేజీ రాయి: ఏ గేటు నుంచి ఏ గేటుకు, పొద్దున ఎన్ని గంటలకు, సాయంత్రం ఎన్నింటికి, సైకిల్ ఒక్కటే, ఆధార్ నకలు జోడించి. పాస్ అడుగు. గేటు దగ్గర రిజిస్టర్ల సంతకం చేస్తే హక్కు పోతదని కొందరు భయపెడతరు. నిజమే, సంతకం అంటే అనుమతి ఒప్పుకున్నట్టే. కానీ లేని హక్కు పోయేదేమున్నది? అదే సలహా చేన్ల బాట రైతుకు మాత్రం ఇయ్యకు. ఆయన ఇరవై ఏండ్ల లెక్క ఒక్క సంతకంతో చెడుతది.

జవాబు (ఘుగ్గుస్)

గని బాట సంగతి నేను చెప్త. ఆశ పెట్టుకోకు.

బొగ్గు భూములు చానా వరకు 1957 కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టం కింద తీసుకుంటరు. 9వ సెక్షన్ ప్రకటన గెజిట్ల వచ్చినాక 10వ సెక్షన్ ప్రకారం ఆ భూమి కేంద్రానికి వస్తది, మీద ఉన్న బరువులన్నీ ఊడిపోయి. ఆ బరువులల్ల దారి హక్కులు కూడా ఉంటయి. పాత నక్షల జంట గీత ఎంత స్పష్టంగ ఉన్నా ఆ తేదీ తర్వాత దాని బలం పోయింది. సాత్‌బారా మీద పేరు మారిందా చూస్తే నీకే తెలుస్తది. అడగవలసింది వేరే: ఆ బాట జిల్లా పరిషత్ రోడ్డు అయి ఉంటే దాని బదులు రోడ్డు ఏది? జిల్లా పరిషత్ బాంధకామ్ (రోడ్లు, కట్టడాల) విభాగానికి ఆర్‌టీఐ వెయ్యి, రోడ్డు నంబర్, మళ్లింపు ఉత్తర్వు, బదులు రోడ్డు నక్ష. ఈ మూడు అడిగితే చాలు.

అప్పటిదాకా లోపలికి పోకు. జరిమానా భయం కాదు. డంపర్ ఎక్కినాయనకు ముందర చక్రం దగ్గర ఉన్న సైకిల్ కనపడది. దుమ్ము లేవకుండ నీళ్లు కొట్టిన హాల్ రోడ్డు (గనిల డంపర్లు తిరిగే బాట) సబ్బు లెక్క జారుతది. బ్లాస్టింగ్ వేళ 500 మీటర్ల దాకా డేంజర్ జోన్, సైరన్ మోగినంక నువ్వు మట్టి కుప్ప వెనుక ఉంటే కావలి మనిషికి కూడ కనపడవు.

గూగుల్ గీతను నమ్మకు, బాట ఎవరిదో ఆ గీతకు తెలువది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కొంచెం నయం, దాంట్ల యాక్సెస్ ట్యాగ్ ఉంటది: యెస్ అంటే ప్రజల హక్కు, పర్మిసివ్ అంటే యజమాని పోనిస్తున్నడు కానీ ఎప్పుడైనా ఆపొచ్చు, ప్రైవేట్ అంటే అడిగి పోవాలె. గని ముక్కను ప్రైవేట్ అని మార్చి పెడితే నీ తర్వాత వచ్చేటోనికి మేలు.

ప్రశ్న (సిరొంచ)

నడుమ దూరుతున్నందుకు ఏమనుకోకుండ్రి. మా గడ్చిరోలి జిల్లా దిక్కు గేట్లు కాదు, అడవి. వన శాఖ చెక్‌నాకా దగ్గర సైకిళ్లను కూడా ఆపుతున్నరు. ఇది సరైనదేనా?

జవాబు (అహేరి)

ఏ అడవి అన్నదాన్ని బట్టి అక్కా. చప్రాళా లాంటి అభయారణ్యం అయితే 1972 వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్: అభయారణ్యం గుండా పోయే పబ్లిక్ హైవే మీద పోయేటోళ్లకు పర్మిట్ అక్కర లేదు. చక్రం ఆ రోడ్డు దిగి కచ్చా బాట ఎక్కిందంటే 28వ సెక్షన్ పర్మిట్ కావాలె. మామూలు రిజర్వ్ ఫారెస్ట్ అయితే 1927 అటవీ చట్టం 25వ సెక్షన్: అక్కడి దారిని శాఖ మూసెయ్యొచ్చు, కానీ రాష్ట్ర సర్కారు ముందు మంజూరు ఉండాలె, దానికి బదులు సరిపోయే దారి ఉండాలె. "ఏ ఉత్తర్వు, బదులు దారి ఏది" అని రేంజ్ ఆఫీసుకు రాసి అడుగు, నాకా మీద ఉన్న మనిషితో వాదిస్తే లాభం లేదు. ఊరికి సామూహిక అటవీ హక్కు ఉన్న జాగల్ల గ్రామసభను కూడా అడగాలె. 2009 ల ఆ హక్కు తెచ్చుకున్న మేంఢా-లేఖా మన జిల్లాలనే ఉన్నది, ఆ ఊర్లు అడిగి వచ్చినోళ్లను ఒక తీరు, అడగకుండ వచ్చినోళ్లను ఒక తీరు చూస్తయి.

ప్రశ్న (రాజురా)

అందరికీ దండాలు. ఊరి నక్షకు రేపే అర్జీ పెడుత. ఒక్క మాట: తీగ నేనే కత్తిరిస్తే ఏమైతది? నక్షల బాట ఉంటే తప్పు ఆయనదే కదా.

జవాబు (బల్లార్‌పూర్)

కత్తిరించకండి. మీ మీద బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 324, ఆస్తి నష్టం కేసు పడుతుంది. ఆయన మీద మీరు 126, అక్రమంగా అడ్డగించడం కేసు పెట్టబోతే ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: ప్రైవేటు దారిని ఆపే హక్కు తనకుందని మంచి నమ్మకంతో ఆపితే నేరం కాదు. ఇద్దరిలో స్టేషన్‌లో కూర్చునేది మీరే. తీగ ఫొటోలు తేదీ, లొకేషన్‌తో తీసి పెట్టుకోండి, అవి మీ గడువు లెక్కకు సాక్ష్యం.

జవాబు (ఘుగ్గుస్)

ఫొటోకు పోయినా పగలే పో. అడవి పందుల కోసం చేన్లకు ఝట్కా మిషిన్ పెడతరు, అది కొట్టి వదులుతది. కొందరు దొంగతనంగ సీదా కరెంటు తగిలిస్తరు, అది వదలది. తీగకు తెల్ల ఇన్సులేటర్లు ఉన్నా, గుంజకూ తీగకూ నడుమ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నా దాంట్ల కరెంటు ఉన్నదనే అనుకో. అవేవీ కనపడకున్నా చెయ్యి పెట్టకు, సైకిల్ హ్యాండిల్‌తో కూడా జరపకు.