గ్రేస్‌కి "కృప" సరిపోతుందా?

ప్రశ్న: అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ తన కథల గురించి రాసిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. హింస తన పాత్రల్ని వాస్తవంలోకి తీసుకొస్తుందని, గ్రేస్ అందుకునే క్షణానికి సిద్ధం చేస్తుందని ఆవిడ అంటారు. ఆ గ్రేస్‌ని కృప అనాలా, అనుగ్రహం అనాలా?

జవాబు: నేనైతే "వరప్రసాదం" అంటాను. ఓకానర్ క్యాథలిక్. తెలుగు క్యాథలిక్కులు జపమాలలో పలికే మాట అదే: "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము." ప్రొటెస్టంట్లు చదివే తెలుగు బైబిల్లో, దేవదూత మరియను పలకరించే ఆ చోటే, "దయాప్రాప్తురాలా" అని ఉంటుంది.

నాకు ఇంకో బలమైన కారణం ఉంది. ప్రసాదం అనగానే మనకు చేతిలో పెట్టేది గుర్తొస్తుంది. కానీ సంస్కృతంలో ఆ మాటకు తేట అనే అర్థం కూడా ఉంది. బురదనీళ్ళు తేరుకోవడం ప్రసాదమే. ప్రసన్నం అదే ధాతువు నుంచి వచ్చింది. కావ్యంలో ప్రసాదగుణం అన్నా తేటదనమే కదా.

ఇప్పుడు "ఎ గుడ్ మ్యాన్ ఈజ్ హార్డ్ టు ఫైండ్" కథ చివరికి రండి. జైలు నుంచి తప్పించుకున్న హంతకుడి ముందు ముసలావిడ కూర్చుని ఉంది. కొడుకునీ కోడలినీ పిల్లల్నీ అడవిలోకి తీసుకెళ్ళి కాల్చేశారు. ఆవిడ మాత్రం నువ్వు మంచివాడివి, మంచి కుటుంబంలో పుట్టావు అంటూ ప్రాణం కోసం బతిమాలుతూనే ఉంది. ఉన్నట్టుండి అతని గొంతు వణుకుతుంది. ఆ ఒక్క క్షణం ఆవిడ తల తేటపడిందని రాస్తారు ఓకానర్. నువ్వు నా బిడ్డవే అంటూ అతని భుజం తాకుతుంది. పాము కాటేసినట్టు వెనక్కి దూకి, మూడుసార్లు కాలుస్తాడు.

ఆ తేటపడడమే ప్రసాదం. కృపలో జాలి ఉంది, మెత్తదనం ఉంది, ఈ తేట లేదు. చదివిన ప్రతిసారీ ఆ వాక్యం దగ్గర నా గుండె ఆగినంత పనవుతుంది.

మరొకరు: బాగుందండీ. కానీ ఆవిడ కథల్లో మనుషులు చాలామంది జార్జియా పల్లెల ప్రొటెస్టంట్లు. వాళ్ళ నోట వరప్రసాదం ఎలా వస్తుంది?

జవాబు: నిజమే, నేను ఆ సంగతి చెప్పకుండా వదిలేశాను. పాత్రల సంభాషణల్లో కృప అనే ఉండాలి. వ్యాసంలో మాట్లాడేది రచయిత్రి కాబట్టి అక్కడ వరప్రసాదం. "హింస"ని మాత్రం అలాగే ఉంచండి. బైబిల్లో మత్తయి 11:12లో "బలాత్కారులు" అని ఉంది, ఓకానర్ 1960 నవల "ది వయొలెంట్ బేర్ ఇట్ అవే" పేరు ఆ వచనం నుంచే వచ్చింది. అయితే ఆ మాటకు ఈరోజు వేరే అర్థం స్థిరపడిపోయింది, వాడితే పాఠకుడు పొరబడతాడు.

అనుగ్రహాన్నీ తీసిపారేయలేను. అందులో "గ్రహ్" ఉంది, అంటే పట్టుకోవడం. నిగ్రహంలో ఉన్నదీ అదే. హింసతో పాటు వచ్చే గ్రేస్‌కి ఆ పట్టు కూడా నప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు: "రెవెలేషన్" కథలో డాక్టరు గదిలో మిసెస్ టర్పిన్ మీదికి పుస్తకం విసిరే అమ్మాయి పేరు మేరీ గ్రేస్. దాన్నీ తెలుగు చేయాలా?

జవాబు: వద్దండీ, పేరు అలాగే ఉంచండి. జపమాల తెలిసిన పాఠకుడికి ఆ రెండు మాటల్లో వరప్రసాదముచేత నిండిన మరియమ్మ వినిపిస్తుంది. ఆ పుస్తకం వచ్చి మిసెస్ టర్పిన్ కంటి పైన తగులుతుంది.