మేఘమథనం: విమానం మేలా, నేలపై జనరేటర్లు మేలా? ఫలితాన్ని ఎలా నిర్ధారిస్తారు?

ప్రశ్న:
నేను జలవనరుల ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్నాను. మేఘమథనం (వర్షం కోసం మేఘాలలో రసాయన కణాలు చల్లడం) చేస్తామంటూ మాకు ఒక ప్రతిపాదన వచ్చింది. వర్షపాతం ఎంత శాతం పెరుగుతుందో అందులో ఉంది గానీ, ఏ రకం మేఘాలపై ఏ పద్ధతి వాడతారో లేదు. ఈ పని స్వయంగా చేసినవారు విమానానికీ, నేలపై జనరేటర్లకూ (ఆ కణాలను పొగగా గాలిలోకి వదిలే యంత్రాలకూ) ఆచరణలో ఉన్న తేడాను వివరించగలరా? ఫలితాన్ని దేనితో కొలవాలి?

సమాధానం 1:
పద్ధతి కంటే ముందు మేఘంలోని ఉష్ణోగ్రత గురించి అడగండి. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు ఉన్నప్పుడే సిల్వర్ అయోడైడ్‌తో ప్రయోజనం ఉంటుంది. దాని స్ఫటిక నిర్మాణం మంచు స్ఫటికాన్ని పోలి ఉండటం వల్ల, సుమారు మైనస్ 5 డిగ్రీల కంటే చల్లని చోట దాని కణాలపై మంచు ఏర్పడి, చుట్టూ ఉన్న బిందువులు ఆవిరవుతుండగా ఆ తేమతో పెరుగుతుంది. మేఘమంతా సున్నాకు పైనే ఉంటే అది వృథా; అక్కడ సోడియం క్లోరైడ్ వంటి, తేమను పీల్చే లవణాల ఫ్లేర్లను (కాలుతూ లవణ కణాలను పొగగా వదిలే గొట్టాలను) మేఘం అడుగున, గాలి పైకి లేస్తున్న చోట కాలుస్తాము. ఇంజిన్ శక్తి పెంచకుండానే విమానం పైకి తేలుతూ, ఎత్తు పెరిగే రేటును చూపే ముల్లు నిలకడగా పైనే ఉంటే, రెక్కల కింది ఫ్లేరు వెలిగించవచ్చునని అర్థం. రాడార్‌లో మేఘం బలంగా కనిపించేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది.

సమాధానం 2:
నేలపై జనరేటర్లు ప్రధానంగా కొండ ప్రాంతాల శీతాకాలపు మేఘాలకు పనికివస్తాయి. అసిటోన్‌లో కలిపిన సిల్వర్ అయోడైడ్‌ను ప్రొపేన్ మంటలో కాలుస్తారు. ఖర్చు తక్కువే, కానీ గాలి ఆ కణాలను శిఖరం మీదుగా ఎత్తుకుపోవాలి. లోయలో చల్లగాలిపై వెచ్చని పొర పరచుకుంటే పొగ అక్కడే చిక్కుకుపోతుంది. మా నియంత్రణ గదిలో యంత్రం చక్కగా నడుస్తున్నట్లు చూపుతుండగా, పైనున్న మేఘానికి ఒక్క కణమూ చేరని రాత్రులు ఉన్నాయి.

సమాధానం 3:
గత ఏడాదితో పోల్చి చూపే లెక్కను అంగీకరించకండి. మేఘమథనం ఇచ్చే పెరుగుదల కంటే సహజమైన హెచ్చుతగ్గులే చాలా పెద్దవి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం 2005లో ప్రారంభించిన ప్రయోగంలో పక్కపక్కనున్న రెండు పర్వత శ్రేణులలో దేనిపై చల్లాలో యాదృచ్ఛికంగా ఎంచుకున్నారు. అంత జాగ్రత్త తీసుకున్నా, ప్రధాన గణాంక పరీక్షలో కనిపించిన పెరుగుదల కాకతాళీయం కాదని తేల్చలేకపోయారు. ఇతర ఆధారాలతో కలిపి, అనుకూలమైన మంచు తుఫానులలో 5 నుంచి 15 శాతం పెరుగుదల ఉండవచ్చునని అంచనా వేశారు. 2017లో ఐడహోలో జరిగిన స్నోయీ ప్రయోగంలో మాత్రం విమానం వెళ్లిన దారి వెంబడే మంచు ఏర్పడటం రాడార్‌లో గీతల్లా స్పష్టంగా కనిపించింది. సహజ హిమపాతం తక్కువగా ఉండబట్టే ఆ గీతలు విడిగా తెలిశాయి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. యాదృచ్ఛిక ఎంపిక గురించి అడిగితే, అనుకూలమైన మేఘాన్ని చల్లకుండా వదిలేయడం నష్టమని ప్రతిపాదన ఇచ్చినవారు అంటున్నారు. ఒప్పందంలో ఏమి రాయించాలి?

సమాధానం 3:
ఆ అభ్యంతరం ఊహించినదే. కనీసం ఈ షరతు పెట్టండి: మేఘం అనుకూలమని వారు ముందుగా రాతపూర్వకంగా ప్రకటించాలి, ఆ తరువాతే చల్లాలా వద్దా అన్నది మీ వద్దనున్న సీల్డు కవరు తెరిచి తేల్చాలి. వర్షమాపకాల లెక్కలు కూడా వారి చేతిలో ఉండకూడదు.