అడుగుల లెక్కను కిలోమీటర్లలోకి మార్చడం ఎలా?

ప్రశ్న (విజయవాడ నుంచి): మా అమ్మగారిని డాక్టరుగారు రోజుకు అయిదు కిలోమీటర్లు నడవమన్నారు. ఉదయం నడకలో ఆవిడ వేసే అడుగులు సుమారు 8,000. ఫోను దానిని 6.1 కిలోమీటర్లుగా చూపిస్తోంది. పక్కింటి మాస్టారు లెక్క కట్టి 2.4 కిలోమీటర్లే అంటున్నారు. అమ్మగారి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఏ లెక్కను నమ్మాలి?

జవాబు 1: మన భాషలో కొలతకూ నడకకూ ‘అడుగు’ ఒకటే మాట కావడం వల్ల మాస్టారుగారు పొరబడ్డారు. ఆయన 12 అంగుళాల అడుగును, అంటే 30.48 సెంటీమీటర్లను, 8,000తో గుణించారు. నడకలో అడుగంటే వెనక కాలి మడమ నుంచి ముందు కాలి మడమ వరకు ఉన్న దూరం. అది మామూలుగా మనిషి ఎత్తులో నూటికి 41 వంతులు ఉంటుంది. అమ్మగారి ఎత్తు 157 సెంటీమీటర్లు కనుక అడుగు 65 సెంటీమీటర్ల లోపు, మొత్తం దూరం 5.2 కిలోమీటర్లు అవుతుంది. ఫోను మాత్రం అడుగుకు 76 సెంటీమీటర్లు వేసుకుంటోంది, అది ఆరడుగుల మనిషి వేసే అడుగు. అందులో ఎత్తు ఎంతని నమోదై ఉందో చూడండి.

జవాబు 2 (తాడేపల్లి నుంచి): సూత్రం అంచనాకే పనికొస్తుంది, స్వయంగా కొలుచుకోవడమే మేలు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. నేను ఒక ఆదివారం తెల్లవారుజామున, నూరు అడుగులకొక వేలు ముడుచుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే 1,790 అడుగులు పట్టాయి, అంటే అడుగు 68 సెంటీమీటర్లు. నా ఎత్తుకు సూత్రం చెప్పింది 70. పదివేల అడుగులకు ఆ తేడా 200 మీటర్లు! మోకాళ్ల నొప్పి ఉన్నవారికి తేడా ఇంకా పెరుగుతుంది. పెద్దవారికి అంత దూరం కష్టమనుకుంటే, స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ లోపలి గీత వెంబడి ఒక చుట్టు చాలు.

జవాబు 3: వంటింట్లో, వరండాలో తిరిగే అడుగులు చాలా చిన్నవి కాబట్టి రోజు మొత్తం అడుగులను ఒకే కొలతతో గుణించకండి. చేతికి పెట్టుకునే బ్యాండు అయితే, ఆ చేత్తో కూరగాయల సంచి పట్టుకున్నప్పుడు కొన్ని అడుగులను వదిలేస్తుంది కూడా.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. 8,000 ఉదయం నడకవే. ఆ ఫోను ఇదివరకు మా తమ్ముడు వాడినది, అందులో వాడి ఎత్తే ఉండిపోయింది. ఈ ఉదయం అమ్మగారిని ట్రాక్ మీద నడిపించాను. ఒక చుట్టుకు 645 అడుగులు, అంటే అడుగు 62 సెంటీమీటర్లు, మొత్తం 4.96 కిలోమీటర్లు. మిగిలిన 40 మీటర్ల కోసం రేపటి నుంచి మా సందు చివరిదాకా వెళ్లి వస్తానని ఆవిడ అన్నారు.