బార్‌కోడు రీడరు తెలుగక్షరాలు కొడుతోంది: రీడరు పాడైందా, ఇంకేమన్నానా?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి):
మందుల షాపు కౌంటరు. విండోస్ 10, యూఎస్‌బీ బార్‌కోడు రీడరు. ఇంగ్లీషు, తెలుగు, ఒడియా మూడు కీబోర్డులూ వేసి ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో ‘కేపీ2045’ అనే కోడు కొడితే ఒకోసారి సరిగ్గానే వస్తాది, ఒకోసారి ‘ఖఝ2045’ అని పడతాది. అంకెలు మాత్రం ఎప్పుడూ తప్పు రావట్లేదు. కేబులు మార్చాం, రీడరు గాజు తుడిచాం, తేడా లేదు. ఏటంటారు?

డీటీపీ_బరంపురం:
రీడరు బాగానే ఉంది బాబూ. టైపు చేస్తున్నప్పుడు తెలుగు ఆన్‌లో ఉంది, అంతే.

ఆ రీడరు తనని తాను కీబోర్డుగా చెప్పుకుని కంప్యూటరుకి తగులుకుంటుంది. కీబోర్డు అక్షరం పంపదు, మీట నంబరు పంపుతుంది. యూఎస్‌బీ లెక్కలో ‘ఎ’ మీట 4, అక్కణ్ణుంచి వరసగా ‘కె’ మీట 14. పెద్ద ‘కె’ కావాలంటే ‘షిఫ్టు నొక్కి ఉంది, 14 నొక్కారు’ అని చెబుతుంది. ఆ 14ని ఏ అక్షరంగా చదవాలో విండోస్ చూసుకుంటుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో (లేఅవుట్‌లో) ‘కె’ మీట క, షిఫ్టుతో ఖ. ‘పి’ మీట జ, షిఫ్టుతో ఝ. అందుకే ఖఝ. అంకెల మీటలు తెలుగు లేఅవుట్‌లోనూ మామూలు అంకెలే ఇస్తాయి, కాబట్టి 2045 చెక్కుచెదరలేదు. ఉత్త అంకెలుండే బార్‌కోడులతో ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకుండా దాక్కుంటుంది.

చేయాల్సింది: కోడు కొట్టేముందు విండోస్ కీ, స్పేస్ నొక్కి ఇంగ్లీషుకి రావడం. మనిషి మర్చిపోతాడు కాబట్టి సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ‘ఒక్కో యాప్ విండోకి వేరే ఇన్‌పుట్ పద్ధతి’ అనే గడి టిక్ పెట్టండి. బిల్లింగు విండోలో ఇంగ్లీషు, ఉత్తరాల విండోలో తెలుగు, దేని దారి దానిది.

సిరొంచ_సంగమం:
మా దిక్కు మరాఠీ, తెలుగు రెండూ కొట్టాలె, గదే గోల. దీంట్ల ఒక సుఖం గూడ ఉంది అన్నా. ఇన్‌స్క్రిప్ట్ ఒక్క భాష కోసం చేసింది గాదు. 1991లో వచ్చిన ఇస్కీ, మన దేశం లిపుల కోడ్ల ప్రమాణం, ఐఎస్ 13194, దాంట్ల గూడ ఇదే అమరిక. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. తెలుగు క, మరాఠీ క, ఒడియా క, అన్నీ ‘కె’ మీటనే. త అంటే ‘ఎల్’, ప అంటే ‘హెచ్’, పొల్లు ‘డి’. క్ష కావాలంటే మూడు భాషల్లనూ ‘కె’, ‘డి’, షిఫ్టుతో కామా. ఒక భాషల చెయ్యి తిరిగితే ఇంకోటి వారంల వస్తది.

చిక్కు ఎక్కడంటే హ్రస్వ ఎ, ఒ దగ్గర. మరాఠీకి అవి అక్కర్లేదు. తెలుగుల ‘ె’ జెడ్ మీట మీద, ‘ొ’ ఒకటి అంకెకు ఎడమనున్న మీట మీద కూసుంటయి. మరాఠీ చెయ్యి అలవాటుగ ‘ఎస్’ మీటకు పోతది, తెర మీద ‘చేప్పండి’, ‘వేళ్లాలి’ అని పడుతది. కొత్త పిల్లలకు మొదటి వారం జెడ్ మీట మీద చిన్న రంగు స్టిక్కరు పెట్టుర్రి.

డీటీపీ_బరంపురం:
ఒడియాకీ హ్రస్వం లేదు, ఇక్కడా అదే తప్పు. ప్రూఫు చూసేటప్పుడు ముందు ఏత్వాలు వెతికితే సగం పని అయిపోతుంది.

జయపూర్_కాటా:
రైస్ మిల్లు కాటాల దగ్గర ఈ బాధ ఎందుకు లేదో చూడండి. వేబ్రిడ్జి ఇండికేటరు (లారీ కాటాలో తూకం చూపే డబ్బా) సీరియల్ పోర్టులో నేరుగా అక్షర కోడ్లే పంపుతుంది: సున్నాకి 48, తొమ్మిదికి 57. కీబోర్డు భాష ఏదైనా దానికి సంబంధం లేదు. దాని జబ్బులు వేరు. తూకం బదులు పిచ్చి గుర్తులు వస్తే స్పీడు కలవలేదన్నమాట, ఇండికేటరు సెకనుకి 2400 బిట్లలో, కంప్యూటరు 9600లో ఉంటాయి. అసలేమీ రాకపోతే తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2, 3 తిరగబడ్డాయేమో చూడాలి. 5 గ్రౌండు.

బార్‌కోడు రీడర్లలో చాలావాటిని ఇదే దారికి తేవచ్చు. మాన్యువల్లో ‘యూఎస్‌బీ కామ్’ అనే సెట్టింగు బార్‌కోడు ఉంటుంది, దాన్ని ఒకసారి చదివిస్తే రీడరు కీబోర్డు వేషం విడిచి సీరియల్ పోర్టు అవుతుంది. కాకపోతే మీ బిల్లింగు సాఫ్ట్‌వేరుకి కామ్ పోర్టు (అంటే సీరియల్ పోర్టే) నుంచి చదవడం వచ్చి ఉండాలి. రాకపోతే ఆల్ట్ మోడు చూడండి: ఆల్ట్ నొక్కిపట్టి పక్కనున్న అంకెల మీటలతో కోడు కొట్టినట్టు పంపుతుంది. పెద్ద ‘కె’కి 75. లేఅవుట్‌తో పని ఉండదు. ఒక్కో అక్షరానికి మూడు నాలుగు మీటలు కొట్టాలి కాబట్టి నెమ్మది.

మజ్జిగౌరి_నెట్ (రాయగడ):
ఇన్‌పుట్ సంగతి తేలిందిలే గాని, అదే కౌంటర్లో థర్మల్ ప్రింటరు తెలుగు బదులు వరసగా ప్రశ్నార్థకాలు కొడతాది. ఒడియా ఇచ్చినా అంతే. దానికీ లేఅవుటేనా?

జయపూర్_కాటా:
కాదు. 58 మిల్లీమీటర్ల ప్రింటరు హెడ్డులో ఒక వరసకి 384 చుక్కలు, మిల్లీమీటరుకి 8. దాని లోపల పుట్టుకతో ఉన్న ఇంగ్లీషు అక్షరం 12 చుక్కల వెడల్పు, అందుకే వరసకి సరిగ్గా 32 అక్షరాలు పడతాయి. తెలుగు దాని పొట్టలో లేదు. ఉన్నా, ‘స్త్రీ’ని మూడంతస్తులు పేర్చడం దానికి చేతకాదు. ఆ పేర్పు కంప్యూటరు చేసి, అయిన బొమ్మని చుక్కలుగా పంపాలి.

డ్రైవరు పేరు చూడండి. ‘జెనెరిక్, టెక్స్ట్ ఓన్లీ’ అని ఉంటే అదే దొంగ. తీసేసి ఆ ప్రింటరు సొంత డ్రైవరు వేసి, ఫాంటు నిర్మలా యూఐ పెట్టండి. అందులో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. సైజు 12 పాయింట్ల కంటే తగ్గించకండి. 10 పాయింట్లంటే 28 చుక్కల ఎత్తు. గుడీ తలకట్టూ అక్షరమూ ఒత్తూ అందులోనే ఇరకాలి, ‘క్ష్మి’ ఉత్త మచ్చలా పడుతుంది.

మజ్జిగౌరి_నెట్:
డ్రైవరు మార్చితే తెలుగు వచ్చింది. కాని బిల్లు బెత్తెడు రావడానికి అర నిమిషం పైనే. సీరియల్ కేబులు మీద ఉంది.

జయపూర్_కాటా:
అంతే పడుతుంది మరి. వరసకి 384 చుక్కలంటే 48 బైట్లు. 10 సెంటీమీటర్ల బిల్లులో 800 వరసలు, మొత్తం 38,400 బైట్లు. 9600 స్పీడులో, బైటుకి పది బిట్ల చొప్పున, సెకనుకి 960 బైట్లే పోతాయి, లెక్కకి 40 సెకన్లు. 115200కి పెంచితే మూడు సెకన్ల చిల్లర. ప్రింటరు కింద ఉన్న చిన్న స్విచ్చుల్లోనో, కంపెనీ ఇచ్చిన సెట్టింగు ప్రోగ్రాములోనో మార్చాలి, ఆ తర్వాత విండోస్‌లో పోర్టు స్పీడు కూడా. ఒక్క వైపే మార్చి పిచ్చి గీతలొచ్చాయని మళ్లీ ఇక్కడికి రాకండి. యూఎస్‌బీ పోర్టు ఉంటే ఈ తంటాయే లేదు.

తెల్లకాగితం వస్తే రోలు తిరగేసి పెట్టారని. గోరుతో గీరితే నల్లబడే వైపు హెడ్డుకి తగలాలి.

మహేంద్రతనయ_ఒడ్డు:
పక్క కౌంటరు వేలిముద్రల గురించి కూడా అడిగేస్తాను. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లవి పడట్లేదు.

మజ్జిగౌరి_నెట్:
జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తాది, పొరలు లేచిపోతాయి. గాజు మీద వేలు పెడితే గీత తగిలిన చోట కాంతి వెనక్కి రాదు, నల్లగా పడతాది. గీతల మధ్య గాడిలో గాలి ఉంటాది కాబట్టి అక్కడ కాంతి పూర్తిగా తిరిగొచ్చి తెల్లగా కనపడతాది. గీతలే అరిగిపోతే తేడా ఎక్కణ్ణుంచి వస్తాది? పొడి వేలైతే గీత ముక్కలు ముక్కలు, తడి వేలైతే గీతలన్నీ అతుక్కుని ఒకటే మరక.

సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, తర్వాత కొంచెం తేమగుడ్డ అద్దాలి. కొన కాదు, వేలి బొడిపె అంతా పరిచి పెట్టాలి. గట్టిగా అదమనివ్వొద్దు, గీతలు వెడల్పై కలిసిపోతాయి. కుడి బొటనవేలు, చూపుడువేలు ముందు పోతాయి, పిక్క పట్టుకునేవి అవే గదా. ఎడమ ఉంగరపు వేలు మొదట చూడండి. వాకిట్లో ఎండ నేరుగా గాజు మీద పడుతుంటే మిషను వీపు వాకిలివైపు తిప్పండి. ఇవన్నీ అయ్యాక కూడా పడకపోతే కనుపాప మిషనే. పది వేళ్లూ వరసగా నొక్కించి ఆవిణ్ణి ఏడిపించొద్దు.

మహేంద్రతనయ_ఒడ్డు:
బాగుంది. రీడరు సంగతి: కామ్ మోడు మా సాఫ్ట్‌వేరుకి పనికిరాలేదు. ఆల్ట్ మోడు పెడితే తెలుగు ఆన్‌లో ఉన్నా ‘కేపీ2045’ సరిగ్గా పడతాది. ఒక్కోసారి మాత్రం కోడు బదులు కర్సరు గడుల్లో అటూ ఇటూ గెంతుతాది.

జయపూర్_కాటా:
నమ్‌లాక్ ఆరిపోయి ఉంటుంది. 4, 6 మీటలు అప్పుడు ఎడమ, కుడి బాణాలు. ముందు దాని దీపం చూడండి. కంప్యూటరు తెరిచినప్పుడల్లా ఆరుతుంటే బయాస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ‘బూటప్ నమ్‌లాక్’ ఆన్ చేసి పెట్టండి.