మింగిన కణంలోనే టీబీ బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది?

ప్రశ్న (ఫార్మసిస్టు, గుంటూరు)

అందరికీ నమస్కారం. కొత్తపేటలోని ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. టీబీ మందులు వాడేవారు దగ్గు తగ్గి, కాస్త ఒళ్లు చేయగానే "ఇంకా నాలుగు నెలలు ఎందుకండీ?" అని అడుగుతుంటారు. కోర్సు మధ్యలో ఆపకూడదని గట్టిగానే చెబుతాను గానీ, కారణం వివరించబోతే నాకే ఒక చిక్కు ఎదురవుతోంది. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవులను మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు మింగి చంపుతాయని చదువుకున్నాం. టీబీ బ్యాక్టీరియా ఆ మాక్రోఫేజ్‌లలోనే కాపురం ఉంటుందనీ చదువుకున్నాం. ఈ రెండూ ఎలా పొసగుతాయి? తక్కిన బ్యాక్టీరియాలూ ఇలాగే తప్పించుకుంటాయా?

సమాధానం (మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, విజయవాడ)

మింగడం వేరు, చంపడం వేరండీ. మాక్రోఫేజ్ బ్యాక్టీరియాను తన పొరతో చుట్టి లోపలికి లాక్కున్నప్పుడు ఏర్పడే సంచిని ఫాగోసోమ్ అంటారు. మామూలుగా అయితే ఆ సంచి పొరలోకి, లోపల ఆమ్లతను పెంచే ప్రోటాన్ పంపులు చేరి లోపలి పీహెచ్‌ను 5 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దించుతాయి, జీర్ణ ఎంజైములతో నిండిన లైసోసోమ్ వచ్చి సంచితో కలిసిపోతుంది, అక్కడితో బ్యాక్టీరియా పని అయిపోతుంది. టీబీ బ్యాక్టీరియా ఉన్న సంచిలో మాత్రం పీహెచ్ 6.2, 6.4 దగ్గరే నిలిచిపోతుంది. అది పీటీపీఏ అనే ప్రోటీన్‌ను మాక్రోఫేజ్ కణద్రవ్యంలోకి వదిలి ఆ పంపులు సంచికి చేరకుండా అడ్డుపడుతుంది. శాప్‌ఎమ్ అనే మరో ఎంజైముతో, లైసోసోమ్‌ను రప్పించే కొవ్వు సంకేతాన్ని పొర మీద లేకుండా చేస్తుంది. ఈ కలయిక ఆగిపోతోందని ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే శాస్త్రవేత్తలు 1971లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు.

టీ కణాలనే మరో రకం రక్షణ కణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ అందితే మాక్రోఫేజ్‌కు మళ్లీ బలం వస్తుంది. హెచ్ఐవీ వల్ల ఆ టీ కణాలే తగ్గిపోయినవారిలో టీబీ అంతగా విజృంభించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక ఆరు నెలల కోర్సు సంగతి. ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకొకసారి విభజన చెందితే, టీబీ బ్యాక్టీరియాకు దాదాపు ఒక రోజు పడుతుంది. కొన్నైతే విభజన దాదాపు మానేసి పడి ఉంటాయి. మొదటి వారాల్లో చురుకుగా పెరిగేవి చస్తాయి కనుక దగ్గు తగ్గుతుంది, మిగిలిపోయిన మొండివాటి కోసమే తక్కిన నెలలు. మీ దగ్గరికి వచ్చేవారికి ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు.

సమాధానం (ఎమ్మెస్సీ విద్యార్థి, గుంటూరు)

మేడం గారు చెప్పినది లోపలికి వెళ్లాక జరిగేది. అసలు మింగుడుకే లొంగనివీ ఉన్నాయి. ల్యాబులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా స్లైడు మీద ఇండియా ఇంక్ చుక్క వేసి చూస్తే, నల్లటి నేపథ్యంలో ఒక్కో బ్యాక్టీరియా చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. సిరా రేణువులు కూడా చొరలేని ఆ పాలీశాకరైడ్ తొడుగే క్యాప్సూల్. న్యుమోనియా కలిగించే న్యూమోకోకస్‌కూ ఇదే రక్షణ. బ్యాక్టీరియాకు అంటుకుని దాన్ని మింగమని గుర్తుపెట్టే కాంప్లిమెంట్ ప్రోటీన్లు తొడుగు అడుగున అంటుకున్నా, వాటిని పట్టుకునే మాక్రోఫేజ్ గ్రాహకాలు అక్కడిదాకా అందవు. తొడుగున్న న్యూమోకోకస్ ఎలుకలను చంపుతుందని, తొడుగు లేనిది చంపలేదని శాస్త్రవేత్త గ్రిఫిత్ 1928లో ప్రచురించిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఉన్న వీఐ తొడుగు ఇంకో పని కూడా చేస్తుంది. మన రక్షణ కణాల మీది టీఎల్ఆర్4 అనే గ్రాహకం పసిగట్టే, బ్యాక్టీరియా బయటి పొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని కప్పిపుచ్చి, తొలి దశలో వాపు ప్రతిస్పందనను తగ్గిస్తుంది. మన హైదరాబాదులో తయారవుతున్న టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలో (తొడుగు పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కు జతచేసిన టీకా) వాడేది ఆ వీఐనే. దాక్కోవడానికి పనికొచ్చిన తొడుగునే యాంటీబాడీలకు గుర్తుగా మార్చడం నాకెంతో అద్భుతంగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మేడం గారూ, మరి అమాక్సిసిలిన్ లాంటి మందులు కణాల లోపల ఉన్నవాటిని చేరవా?

సమాధానం (అధ్యాపకురాలు)

పెనిసిలిన్ జాతి మందులు కణాల లోపల పెద్దగా నిలవవు. రిఫాంపిసిన్, డాక్సీసైక్లిన్ బాగా చేరతాయి. మన రాష్ట్రంలోనూ కనిపించే, పొదల్లోని చిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్నే చూడండి. దాని బ్యాక్టీరియా ఫాగోసోమ్ నుంచి బయటపడి నేరుగా కణద్రవ్యంలో పెరుగుతుంది. పైగా పెనిసిలిన్‌లు దెబ్బతీసే కణకవచం దానికి నామమాత్రంగానే ఉంటుంది. అందుకే అమాక్సిసిలిన్ ఎన్ని రోజులు వేసుకున్నా ఆ జ్వరం దిగదు, డాక్సీసైక్లిన్ మొదలుపెడితే సాధారణంగా రెండు రోజుల్లో దిగుతుంది. పొలం పనులకు వెళ్లేవారెవరైనా వారం రోజులుగా జ్వరమని మీ షాపుకు వస్తే, మాత్రలు ఇచ్చి పంపకుండా, చంకల్లో గానీ గజ్జల్లో గానీ నల్లటి పెచ్చు కట్టిన పుండు ఉందేమో చూసుకొని వెంటనే డాక్టరుకు చూపించమని చెప్పండి. పుండు కనిపించకపోయినా పరీక్ష చేయించుకోవాల్సిందే, ఎందుకంటే అది అందరిలోనూ ఏర్పడదు.